ఏడు సీట్ల బండికి కవర్లు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ ఫోన్లు కాసేపు పక్కన పడేసి. కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఇంకో ఇద్దరు పడతారు. ఇది కారు కొనుక్కున్న చెల్లెలి కథ అనుకునేరు, కాదు. కొనుక్కోలేకపోయిన అక్క కథ.

ఆ అక్కది కార్లకు సీటు కవర్లు కుట్టే పని. రెండు వీధులు కలిసే మూల మీద, పంక్చర్ల కొట్టుకీ బ్యాటరీల కొట్టుకీ మధ్య ఇరుక్కుపోయిన చిన్న గది ఆమెది. గోడకి రెక్సిన్ చుట్టలు నిలబెట్టి ఉండేవి, నల్లవీ బూడిదరంగువీ. నేల మీద ఎటు చూసినా స్పాంజి ముక్కలే. మిషను ముందు కూర్చుంటే ఆమె వీపు తలుపు వైపుకుండేది. అయినా బయట బండి ఆగిన చప్పుడు విని అది ఏ బండో, దాని సీటు ఎంత వెడల్పో తల తిప్పకుండా చెప్పేసేది. వీధంతా ఆమెను కవర్లక్క అనేది. ఆమె మొగుడిది తాళాల పని. అదే గదిలో ఒక మూల కూర్చుని, కారు తాళం పారేసుకున్నవాళ్ళకి మారు తాళం చేసిచ్చేవాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కలిపి చూస్తే పది మాటలు మాట్లాడితే గొప్ప. వాళ్ళింట్లో కారుకి కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్క కారు తప్ప, అని బ్యాటరీల కొట్టాయన రోజుకొకసారైనా అనేవాడు. ఆయన నవ్వుతూ అనేవాడు, ఆమె నవ్వుతూనే వినేది. లోపల మాత్రం చురుక్కుమనేది.

ఇరవై రెండేళ్ళు కుట్టింది ఆమె. ఎంతమంది వీపులు ఆమె కుట్టు మీద హాయిగా వాలాయో లెక్కలేదు. తను మాత్రం సాయంత్రం కొట్టు కట్టేసి బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఇంటికెళ్ళేది.

కారంటే ఆమెకి ఏదో ఒక కారు కాదు. ఏడుగురు పట్టాలి. అమ్మ తన దగ్గరే ఉంటోంది, మోకాళ్ళ నొప్పుల మనిషి. చెల్లెలికి ఇద్దరు పిల్లలు, ఒక అత్తగారు. అందరినీ వెనకాల ఎక్కించుకుని, తను ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి ఏం పిల్లలూ గాలి తగులుతోందా అని అడగాలి. అదీ ఆమె కోరిక. దానికోసం ఏడు సీట్ల బండ్లన్నిట్లోకీ దూరి చూసింది. కవర్ల కొలతలు తీసుకునే వంకతో వెనక వరసలో కూర్చునేది. ఒకదాంట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఒకదాంట్లో వెనకవాళ్ళకి చల్లగాలి రాదు. ఇంకొకటి బాగుంది గానీ దాని ధర వింటే నిద్రపట్టదు. చివరికి ఒకటి నచ్చింది. ధర మధ్యతరగతివాళ్ళకి అందేదే. వెనక వరసలో పెద్దవాళ్ళు కూడా కాళ్ళు చాపుకోవచ్చు. అన్నిటికన్నా కింది రకం వద్దు, పైరకం అక్కర్లేదు, కింది నుంచి రెండోది చాలు అని తేల్చుకుంది. రంగు కూడా ఎంచుకుంది, వానకి తడిసిన మట్టి రంగు. ఆ బండి కాగితం, బొమ్మలున్నది, మిషను సొరుగులో పెట్టుకుని దారం తెగినప్పుడల్లా తీసి చూసుకునేది.

కూడబెట్టిన డబ్బు మొదట కట్టాల్సిన దానికి సరిపోయింది. మిగతాదానికి అప్పు కావాలి. మొగుడూ పెళ్ళామూ ఉతికిన బట్టలు కట్టుకుని ఫైనాన్సు ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. జీతం చీటీ అడిగాడు. లేదన్నారు. ఆదాయప్పన్ను కాగితాలు అడిగాడు. లేవన్నారు. అప్పుడు ఈమె సంచిలోంచి తన రశీదు పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చింది, పద్దెనిమిది పుస్తకాలు. ఆయన ఒకటి తీసి రెండు పేజీలు తిప్పి, ఇరవై రెండేళ్ళ పనికి ఒక్క పనికొచ్చే కాగితం లేకపోతే ఎలాగమ్మా అన్నాడు. తిట్టలేదు, కసురుకోలేదు. అదే ఆమెకి ఎక్కువ మండింది.

ఆ సాయంత్రం చెల్లెలి దగ్గర కూర్చుని అంతా చెప్పుకుంది. చెల్లెలు ఆసుపత్రిలో బిల్లుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది, నెల నెలా జీతం చీటీ చేతికొస్తుంది. ఈమె బాధ చెప్పుకుంటూ చెప్పుకుంటూ బండి గుణాలన్నీ కూడా చెప్పేసింది. ఏ రకం మంచిది, దేనికి డబ్బు దండగ, వెనక వరస ఎలా మడవాలి, అప్పు అయిదేళ్ళకి కాకుండా ఏడేళ్ళకి పెట్టుకుంటే వాయిదా ఎంత తగ్గుతుంది, వడ్డీ ఎంత పెరుగుతుంది. చెల్లెలు ఊ కొడుతూ విన్నది.

నాలుగు నెలల తరవాత ఒక మధ్యాహ్నం కొట్టు ముందు బండి ఆగిన చప్పుడైంది. ఈమె తల తిప్పలేదు. ఏ బండో చప్పుడుకే తెలిసిపోయింది. తిరిగి చూస్తే అదే బండి. అదే రకం, కింది నుంచి రెండోది. అదే తడిమట్టి రంగు. ముందు తలుపు తెరుచుకుని చెల్లెలు దిగింది.

"మూడు రోజుల్లో అప్పు ఇచ్చేశారక్కా, మేమే నమ్మలేదు. కవర్లు మాత్రం నీ చేత్తోనే కుట్టాలి. వేరే ఎవరినీ ముట్టుకోనివ్వను."

ఈమె చెయ్యి అలవాటుకొద్దీ మెడలో వేసుకున్న కొలత టేపు మీదికి పోయింది.

ఇంటికెళ్ళాక మొగుడితో అంది, అది కారు కొనుక్కుంది, కొనుక్కోనీ, కానీ నా కారే ఎందుకు కొనుక్కోవాలి అని. ఆయన తాళాల గుత్తి మేకుకి తగిలించి, మంచి బండే కదా అన్నాడు. ఆ రాత్రి ఆయనకి కూరలో ఉప్పు పడలేదు.

అప్పటినుంచి మొదలయింది. చెల్లెలు బండి వేసుకొచ్చినప్పుడల్లా ఈమె ఒక వంక పెట్టేది. ఎడమ టైరులో గాలి తక్కువైనట్టుందే అంది. చెల్లెలి మొగుడు, ఆయన కరెంటాఫీసులో గుమస్తా, పరిగెత్తుకెళ్ళి కొలిపించుకొచ్చాడు. సరిగ్గానే ఉంది. ఇంకోసారి గేరు మార్చినప్పుడు ఏదో కర్రుమన్నట్టు వినపడిందంది. పాపం అతను సగంపూట సెలవు పెట్టి సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు అంతా విప్పి చూసి, నోరు చప్పరించి పంపించారు. మూడోసారి, ఈ నెలలో వచ్చిన బండ్ల ఇంజన్లు వేడెక్కిపోతున్నాయట, ఎవరో చెప్పారు అంది. ఆ వారమంతా చెల్లెలి మొగుడు బండి నడుపుతూ రోడ్డుని కాదు, వేడి చూపించే ముల్లునే చూశాడు. ఇవి చాలవన్నట్టు, ఏడేళ్ళ వాయిదాలంటే మీ బుడ్డోడికి మీసాలొచ్చేదాకా కడుతూనే ఉంటారు అని కూడా అంది. తను నేర్పిన లెక్కే మరి అది.

కన్నతల్లయినా ఈమె పక్షాన నిలబడిందా అంటే అదీ లేదు. ఎనిమిదేళ్ళుగా పెద్దకూతురి చేతి అన్నం తింటున్న ఆ తల్లి, చిన్నకూతురు బండి తెచ్చిందని తెలియగానే కొత్త చెప్పులు వేసుకుని వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. ఎత్తుగా ఉందే, మోకాళ్ళకి హాయిగా ఉందే అని పదిసార్లు అంది. పెద్దకూతురు బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజుల్లో ఆవిడ ఒక్కసారైనా హాయి అన్న మాట అనలేదు.

కవర్లు కుట్టాల్సి వచ్చినప్పుడు ఈమెకి ఒక ఆలోచన వచ్చింది. చెడ్డ ఆలోచన కాదు, అలాగని మంచిదనీ అనలేం. ఈ బండి ఎక్కినవాళ్ళెవరూ బండి బాగుంది అనకూడదు, కవర్లు బాగున్నాయి అనాలి. బండి తుప్పు పట్టి పోయినా నా కుట్టు ఊడకూడదు. అదే పట్టుదలతో దాచుకున్న మంచి రెక్సిన్ తీసింది. అంచులకి పైపింగు వేసింది. లారీ సీట్లకి వాడే లావు దారం ఎక్కించి, అన్ని చోట్లా ఒక వరసకి రెండు వరసలు కుట్టింది. నాలుగు రోజులు కుట్టింది. కుడుతున్నంతసేపూ, ఇక్కడ నేను కూర్చోవాలి, ఇక్కడ నేను కూర్చోవాలి అనుకుంటూనే ఉంది.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అందదు. ఇప్పటి కార్లలో ముందు సీట్ల పక్కన, తలుపు వైపు, లోపల ఒక గాలిసంచి మడిచి దాచి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ అంటారే, అదే. బండికి పక్కనుంచి దెబ్బ తగిలితే అది సీటులోంచి చీల్చుకుని బయటికొచ్చి మనిషి పక్కటెముకల్ని కాచుకుంటుంది. అందుకని సీటు కవరుకి ఆ పక్కన, భుజం దగ్గర్నుంచి నడుం దాకా, లావు దారం వెయ్యకూడదు. చేత్తో లాగితే పుటుక్కుమని తెగే పలచ దారంతో ఒకే వరస కుట్టాలి. గట్టిగా కుడితే సంచి బయటికి రాలేదు. కవర్లు కుట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇది, కవర్లక్కకి అందరికన్నా బాగా తెలుసు. అలాంటి మనిషి ఆ నాలుగు రోజుల్లో ఆ పక్క కూడా లావు దారంతోనే కుట్టేసింది, రెండు వరసలు. కుళ్ళు ఒకటి ఎక్కి కూర్చుంటే, చేతికి వచ్చిన విద్య కూడా దిగిపోతుందర్రా.

కవర్లు తొడిగారు. బ్యాటరీల కొట్టాయన తొంగి చూసి, బండి కన్నా కవర్లే ఖరీదుగా ఉన్నాయి అన్నాడు. ఈమెకి కడుపు నిండిపోయింది.

శనివారం పొద్దున్నే వాళ్ళు కొండల మీదికి ప్రయాణం పెట్టుకున్నారు, మూడు రోజులకి. చెల్లెలు, మొగుడు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, అమ్మ. ఆరుగురు. ఏడో సీటు నీకే, రా అక్కా అని చెల్లెలు పిలిచింది. పని ఉందే అని ఈమె అంది. పని లేదు. మళ్ళీ ఒకసారి పిలుస్తుందని చూసింది. చెల్లెలు, సరేలే పోనీ అని సంచి తీసి ఆ ఏడో సీటులో పెట్టింది. బండి వెళ్ళిపోయింది. అమ్మ ముందు సీట్లోంచి చెయ్యి కూడా ఊపింది.

ఈమె కొట్టుకొచ్చి మిషను ముందు కూర్చుంది గానీ పని సాగలేదు. పదకొండు గంటలప్పుడు ఒక టాక్సీ ఓనరు కొత్త బండి తెచ్చాడు, ముందు సీట్లకి కవర్లు కావాలన్నాడు. కొలతలు తీసింది, ముక్కలు కత్తిరించింది, పక్క కుట్టు కోసం పలచ దారం తియ్యడానికి సొరుగు లాగింది. రెండు రీళ్ళు ఉన్నాయి. రెండిటి మీదా ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది, చింపలేదు.

పాత రీలు ఏదైనా ఉందేమోనని వెతికింది. లేదు, అది అయిపోయింది. అయిపోయిందనే కదా పదిహేను రోజుల కిందట ఈ రెండూ కొన్నది. చెల్లెలి కవర్లు కుట్టింది ఆ తరవాతే. మరి ఆ పక్క దేనితో కుట్టినట్టు? కళ్ళ ముందు తన చేతులే కనపడ్డాయి, రెండో వరస వేసి, దారం కొరికి, దీన్ని ఏనుగు లాగినా ఊడదు అని తనలో తను మురిసిపోవడం. ముందు సీటు. అమ్మ కూర్చున్న సీటు. వాళ్ళు ఎక్కుతున్నది ఘాట్ రోడ్డు.

చెల్లెలికి ఫోను చేసింది. టాక్సీ ఓనరు అక్కడే నిలబడి ఉన్నాడు, బ్యాటరీల కొట్టాయన గుమ్మంలో ఉన్నాడు, మొగుడు తాళం రుద్దుకుంటూ మూల కూర్చున్నాడు. చెల్లెలు ఎత్తింది. వెనక పిల్లల పాటలు వినపడుతున్నాయి. ఈమె గబగబా చెప్పింది, బండి ఆపండే, ముందు సీట్ల కవర్లు తప్పు కుట్టాను, పక్క కుట్లు కోసెయ్యాలి అని. అవతల పాటలు ఆగిపోయాయి.

"టైరయింది, గేరయింది, ఇంజనయింది. ఇప్పుడు కవరా అక్కా? ఒక్క పూటైనా మమ్మల్ని సంతోషంగా ఉండనివ్వవా?"

"ఇది నిజం."

"మరి అవి?"

ఈమె చుట్టూ చూసింది. ముగ్గురు మగవాళ్ళూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. ఫోను పెట్టేస్తే సరి, పరువు దక్కుతుంది. అవతల బండి మాత్రం మలుపులు తిరుగుతూనే ఉంటుంది.

"అవి అబద్ధాలు. టైరులో గాలి సరిగ్గానే ఉంది. గేరు చప్పుడు నేను వినలేదు. ఇంజను సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనే కల్పించాను. నిన్ను ఆ బండిలో చూసి ఓర్చుకోలేకపోయానే. నేను ఎంచుకున్న బండి, నేను ఎంచుకున్న రంగు. పొద్దున పని ఉందన్నది కూడా అబద్ధమే, రెండోసారి పిలుస్తావని కూర్చున్నా. ఇది మాత్రం అమ్మ తోడు నిజం. బండి ఆపు."

అప్పుడు తల్లి గొంతు వినపడింది, పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా.

"నా తోడు తరవాత, ఆ కుట్టేదో ముందు చెప్పవే. నేను కూర్చున్నదానికేనా?"

అదేం పాపమో చూడండి, ఆ బండిలో ఫోను బండి స్పీకర్లకి కలిపి ఉంటుంది. ఆమె చెప్పిందంతా బండిలో ఆరుగురూ విన్నారు, పిల్లలతో సహా, చెల్లెలి అత్తగారితో సహా. ఆ గుణం కూడా చూసే ఆ బండిని ఎంచుకుంది మరి.

వాళ్ళు రోడ్డు వారగా ఒక టీ కొట్టు దగ్గర ఆపారు. కవరు ఊడదియ్యాలంటే సీటు కింద పద్దెనిమిది కొక్కేలు తియ్యాలి, అందుకని కుట్లే కొయ్యమంది. వాళ్ళ దగ్గర ఉన్నదల్లా పెద్దపిల్ల డ్రాయింగు పెట్టెలో కత్తెర, మొన గుండ్రంగా ఉన్నది. చెల్లెలు అమ్మని దింపి, తనే కొయ్యడం మొదలుపెట్టింది. పావుగంట తరవాత మళ్ళీ ఫోను చేసింది. ఒగరుస్తోంది.

"ఏం కుట్టు కుట్టావే తల్లీ, తెగి చావట్లేదు."

ఎప్పుడూ అక్కా అనే పిల్ల కుట్టావే అనేసింది. ఈమె ఆ మాట పట్టించుకోలేదు. కుట్టు దగ్గర కాదు, పక్కన రెక్సిన్‌నే నిలువునా చీల్చెయ్యమంది. నాలుగు రోజులు కుట్టినదాన్ని చీల్చమని తన నోటితో తనే చెప్పింది. రెండో సీటు కూడా అయ్యేదాకా ఫోను పెట్టనివ్వలేదు. చీల్చిన చోట ఫొటో తీసి పంపించమంది, చూసింది, ఇంకో జానెడు కిందికి చీల్చండి అంది. అప్పుడు పెట్టేసింది. టాక్సీ ఓనరు తన బండికి కవర్లు తరవాత చూద్దాంలే అని నెమ్మదిగా వెళ్ళిపోయాడు. బ్యాటరీల కొట్టాయన ఏమీ అనలేదు. జీవితంలో మొదటిసారి ఆయన ఏమీ అనలేదు. మొగుడు లేచి, మిషను పక్కన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టి వెళ్ళి మళ్ళీ తాళం రుద్దుకున్నాడు.

మంగళవారం చెల్లెలు బండి వేసుకుని వచ్చింది, ఆసుపత్రి డ్యూటీ అయ్యాక. చేతుల మీద చీలిన కవర్లు, చర్మం ఒలిచినట్టు వేలాడుతున్నాయి. వాటిని బల్ల మీద పడేసి, ఒక స్టూలు లాక్కుని, మిషనుకి ఎదురుగా కూర్చుంది.

"ముందు సీట్లకి కొత్తవి కుట్టు. అయ్యేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను."

ఇరవై రెండేళ్ళలో ఆమె చేతిని ఎవరూ అలా కాపలా కాయలేదు. బండి వదిలిపెట్టి వెళ్ళేవాళ్ళు, సాయంత్రం వచ్చి తీసుకునేవాళ్ళు, అంతే. ఇప్పుడు తను ఎత్తుకు పెంచిన చెల్లెలే, పోలీసు మాదిరి కూర్చుంది. అక్క ముక్కలు కత్తిరించింది. పలచ దారం కొత్త రీలు తీసి, కాగితం చింపి, ఒక జానెడు తెంపి చెల్లెలికి ఇచ్చింది. లాగి చూడమంది. చెల్లెలు లాగింది, పుటుక్కుమని తెగింది. ఇంకోటి తెంపి ఇచ్చింది. అదీ తెగింది. అప్పుడు మిషనుకి ఎక్కించి కుట్టింది. చెల్లెలు కళ్ళార్పకుండా చూసింది.

రెండో సీటు సగంలో ఉండగా చెల్లెలు తలొంచుకుని అంది, "నువ్వు ఎంచుకున్న బండే కొంటున్నామని ముందు నీకు ఒక మాట చెప్పాల్సింది. చెబితే వద్దంటావని చెప్పలేదు."

"వద్దనేదాన్నే."

"అందుకే చెప్పలేదు."

"తప్పు నీదే మరి అందులో," అంది అక్క, మిషను ఆపకుండా.

"ఊ. నాదే," అంది చెల్లెలు. స్టూలు మీద నుంచి మాత్రం లేవలేదు.

కవర్లు తొడిగారు. చెల్లెలు పక్క కుట్టు మీద వేలు పెట్టి పైనుంచి కింది దాకా తడిమి చూసుకుని, డబ్బులిచ్చి వెళ్ళింది. మొదటివాటికి పూర్తిగా ఇచ్చింది. రెండోవాటికి అక్క తీసుకోలేదు, చెల్లెలు బతిమాలలేదు. బండి మలుపు తిరిగేదాకా ఈమె గుమ్మంలో నిలబడి చూసింది. అసూయ పోయిందా అంటారా? ఎక్కడికి పోతుంది? ఆ తడిమట్టి రంగు కనపడినప్పుడల్లా సొరుగులోని ఆ బండి కాగితం తీసి చూసుకుంటూనే ఉండేది. నేను మీకు కల్లలు చెప్పను.

కానీ ఆ మర్నాటినుంచి కొట్లో ఒక పద్ధతి వచ్చింది. ఎంత తొందరలో ఉన్నవాళ్ళయినా, ముందు సీట్ల కవర్లంటే, ఆమె పలచ దారం జానెడు తెంపి వాళ్ళ చేతికిచ్చి లాగి చూడమనేది. వాళ్ళు తెంపితేగానీ మిషను తొక్కేది కాదు. టాక్సీ ఓనరు కూడా నెల తరవాత తిరిగొచ్చాడు, తెంపి చూశాడు, కుట్టించుకున్నాడు. చూసినవాళ్ళు ఎంత నిజాయితీ గల మనిషో అని చెప్పుకునేవాళ్ళు. గిరాకీ పెరిగింది. ఆ పద్ధతి ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే మాత్రం ఆమె నోట్లో దారం పెట్టుకుని కొరుకుతూ ఉండిపోయేది.

ఆమె చెప్పదు కాబట్టి నేను చెప్పాను. మీరు బుర్రలో పెట్టుకోండి, మీ పిల్లలకి చెప్పండి, కారు కొనుక్కునేవాళ్ళకీ కొనుక్కోలేనివాళ్ళకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ అక్కని రాక్షసిని చేసి చెప్పకండర్రా. ముగ్గురి ముందు, అవతల ఆరుగురు వింటుండగా, ఓర్చుకోలేకపోయాను అని తన నోటితో చెప్పి బండి ఆపించింది. ఆ ముక్క మాత్రం వదిలిపెట్టకుండా చెప్పండి.